ఏ రేవున ఏమి చూతము?



మొన్నటి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘపు పెద్దలలో ఒకరు నన్ను వేపచెట్టు క్రిందికి పిలిచి, "అయ్యగారూ, మీరు అమెరికా వెళ్లినప్పుడు విహార ఓడ ఎక్కారట. అందులో జూదమూ త్రాగుడూ ఉంటాయట. నిజమేనా?" అని అడిగిరి. నిజమే అని చెప్పితిని. జూదపు బల్లలున్న గదిని దాటకుండ భోజనశాలకు పోవుట కష్టము. ఆ ఓడలో నేను చేసిన తప్పు మాత్రము ఆ గదిలో జరుగలేదు. అది భోజనపు బల్లయొద్ద, నా సొంత కుటుంబము మధ్య జరిగినది. ఆయన అడిగినందున దానిని మీ యెదుట ఒప్పుకొనుటకే ఇది వ్రాయుచున్నాను.

మా కుమార్తె హ్యూస్టన్ నగరములో నర్సుగా పనిచేయుచున్నది. 2024 జనవరిలో మేమిద్దరము ఆమె యింటికి వెళ్లియుండగా, అల్లుడు మాకు తెలియకుండనే ఏడు రాత్రుల ఓడప్రయాణమునకు అందరికి టిక్కెట్లు కొని యుంచెను. గాల్వెస్టన్ రేవునుండి ఆదివారము బయలుదేరును. ఆదివారమే అని నేను గొణిగితిని. ఉదయము ఇంటనే కుటుంబ ప్రార్థన చేసికొని వెళ్లితిమి. ఆ ఓడ మూడు రేవులలో ఆగును: జమైకా ద్వీపములోని ఫాల్మత్, గ్రాండ్ కేమన్ ద్వీపములోని జార్జిటౌన్, మెక్సికో దేశపు కోజుమెల్. ఒక్కొక్క రేవున ఒక్క పగలు మాత్రమే. ఉదయము దిగవలెను, సాయంకాలమునకు ఎక్కవలెను. ఆ కొద్ది గంటలలో ఒడ్డున ఏమి చూడవలెనో ముందుగానే ఏర్పరచుకొందురు. దానిని వారు షోర్ ఎక్స్‌కర్షన్ అందురు. మనము తీరయాత్ర అనవచ్చును.

ఈ ఏర్పాటులో రెండు మార్గములున్నవి. అల్లుడు నాకు ఓపికగా బోధించెను. ఓడవారే నడుపు యాత్రలు కొన్ని. వాటి వెల హెచ్చు, గుంపు పెద్దది. అయితే వారి బస్సు ఆలస్యమైనచో ఓడ కనిపెట్టుకొని యుండును. వాతావరణము చెడి ఓడ ఆ రేవునకు పోలేకపోయినచో సొమ్ము తిరిగి యిత్తురు. రెండవది, రేవు గుమ్మమునొద్ద నిలువబడియుండు స్థానిక డ్రైవరుతో బేరము కుదుర్చుకొనుట. వెల తక్కువ, మనకు నచ్చినచోట ఆగవచ్చును. కాని త్రోవలో టైరు పగిలినను, వాగు పొంగినను, ఓడ మనకొరకు ఆగదు. తరువాతి రేవునకు మన ఖర్చుతో మనమే చేరుకొనవలెను. గడియారపు చిక్కు మరియొకటి. ద్వీపపు కాలము వేరు, ఓడ కాలము వేరు కావచ్చును. జేబులోని ఫోను తనంతట తానే గంట మార్చుకొనును. అందుచేత ఓడ గడియారమునే నమ్ముడని మైకులో పదేపదే చెప్పుదురు. తలుపు వేయబడిన పిమ్మట వచ్చి తట్టిన కన్యకలను గూర్చి ముప్పది ఏండ్లుగా ప్రసంగించుచున్నవాడను గనుక, ఈ సంగతి నాకు వెంటనే బోధపడెను.

ప్రతి యాత్రకు ఎదురుగా అది సులభమో, మధ్యమమో, కష్టమో గుర్తు వేసియుందురు. మెట్లెన్ని, నడక యెంత, తడియుదుమా లేదా అను వివరములుండును. మోకాళ్ల నొప్పులున్నవారు బొమ్మలకంటె ముందుగా ఆ గుర్తు చూచుకొనవలెను. నేను చూడలేదు. నాకు అక్కరలేకపోయెను, ఏలయనగా నా మనస్సులో ఏర్పాటు అప్పటికే జరిగిపోయినది.

ఫాల్మత్ అను పేరు వినగానే నా గుండె ఝల్లుమనెను. వేదాంత పాఠశాలలో మాకు సంఘచరిత్ర చెప్పిన గురువుగారు విలియం కేరీతోపాటు తప్పక విలియం నిబ్‌ను గూర్చి చెప్పెడివారు. 1792లో ఇంగ్లండులోని కెటరింగ్ అను చిన్న పట్టణములో బాప్టిస్టు మిషనరీ సంఘము పుట్టెను. ఆ సంఘము పంపగా కేరీ 1793లో మన దేశమునకు వచ్చెను. ఆయన శ్రీరాంపురపు ముద్రాలయములోనే 1818లో మన తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యెను. అదే కెటరింగులో 1803లో పుట్టినవాడు నిబ్. అతని అన్న థామస్ జమైకాలో బడి నడుపుచు 1824లో మరణింపగా, ఆ ఖాళీని నింపుటకు తమ్ముడు బయలుదేరెను. ఒకే తల్లి కొమ్మ, ఒకటి మనవైపు, ఒకటి ఆ ద్వీపమువైపు చాచుకొన్నట్లు మా గురువుగారు నల్లబల్లమీద గీసి చూపెడివారు. వీరందరికంటె ముందే, 1783లోనే, జార్జి లైల్ అను నల్లజాతి బోధకుడు ఆ ద్వీపమున సువార్త ప్రకటించెను. తాను బానిసగానుండి విడుదలైనవాడు. కేరీకి పది యేండ్లు ముందు! ఇది చెప్పునప్పుడు గురువుగారి కంఠము మారెడిది.

అట్టి ఫాల్మత్‌లో నేను అడుగుపెట్టబోవుచున్నాను. నిబ్ పేరిట ఉన్న దేవాలయము రేవునుండి కాలినడకకు అందునంత దూరములోనే యున్నదట. ఇక నాకు టిక్కెట్టెందుకు, బస్సెందుకు?

ఓడ బయలుదేరిన మరునాటి రాత్రి భోజనపు బల్లయొద్ద అల్లుడు ఫోను తెరచి ఫాల్మత్ యాత్రల పట్టీ చదివెను. డన్స్ రివర్ అను జలపాతము. గంటకు పైగా బస్సు ప్రయాణము. దాదాపు ఆరు వందల అడుగుల పొడవు, మెట్టు మెట్టుగా సముద్రములోనికి దిగును. ముందు దారి చూపువాడొకడు నడువగా, జనులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసువలె నీటికి ఎదురెక్కుదురు. మా మనుమడు అదే కావలెననెను. ఇక మార్త బ్రే అను నదిమీద వెదురు తెప్పల ప్రయాణము. ముప్పది అడుగుల తెప్ప, ఇద్దరు కూర్చుందురు, ఒకడు నిలువబడి గడ వేయును, మూడు మైళ్లు. చెరకు తోటల దొరలు నివసించిన పెద్ద మేడలు. తీగమీద వ్రేలాడుచు పోవుట. ఇసుక తీరములో ఊరక పండుకొనుట. అల్లుడు నా వైపు తిరిగి, "మామయ్యగారూ, మీరు?" అనెను.

"నేనూ మీ అత్తయ్యగారూ నిబ్ దేవాలయానికి వెళ్తాము" అంటిని.

అంతే. ఆమె నా ప్రక్కనే కూర్చుండి, చేపముల్లు తీసి మనుమరాలి పళ్లెములో పెట్టుచుండెను. ఆమెవైపు నేను తిరిగి చూడనైన లేదు.

మనుమరాలికి తొమ్మిదేండ్లు. ఆ దేశములో పెరిగిన పిల్ల. "అమ్మమ్మా, నీకేం చూడాలనుంది?" అని అడిగెను.

"తాతయ్యగారు ఎక్కడికంటే అక్కడికే, తల్లీ."

"అది ఆన్సర్ కాదు కదా, అమ్మమ్మా" అనెను ఆ పిల్ల. బల్లయొద్ద అందరము నవ్వితిమి. పిల్ల నవ్వలేదు. ఫోనును అమ్మమ్మ ముందు పెట్టి బొమ్మలు ఒక్కొక్కటే జరుపసాగెను. నా భార్య చేయి తుడుచుకొని చూచెను. జలపాతము, మేడ, ఇసుక గడచిపోయినవి. తెప్ప బొమ్మ వచ్చినప్పుడు ఆమె వ్రేలు దానిమీద ఆగెను. "ఇది" అనెను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పవలెను. ఆమె గోదావరి కాలువ గట్టున పుట్టిన పిల్ల. తండ్రి సరంగు, ధాన్యము, సున్నము వేసికొని కాలువల వెంబడి పడవ నడిపినవాడు. చిన్ననాట సెలవులన్నియు ఆమె పడవమీదనే గడిపినదట. పందొమ్మిదవ యేట నన్ను పెండ్లాడి మా మెట్టప్రాంతమునకు వచ్చెను. ఇక్కడ వేసవిలో మూడు బిందెల నీళ్లకొరకు గంటసేపు బోరింగు కొట్టవలెను. ముప్పది అయిదేండ్లలో మేము ఎనిమిది ఊళ్లు మారితిమి. మార్పు ఉత్తరము వచ్చిన ప్రతిసారి నేను దానిని చదివి, ప్రార్థన చేసి, వంటింటి గుమ్మమునొద్ద నిలువబడి, సామాను ఏ దినము కట్టవలెనో ఆమెకు చెప్పెడివాడను. ఎనిమిదిసార్లును అంతే. ఒక ఊరిలో ఆమె నాటిన మునగచెట్టు మొదటి కాపునకు వచ్చిన వారములో మేము బండి ఎక్కితిమి.

ఆమె "ఇది" అనగానే నేనేమంటినో వినుడు. "నీకు మోకాళ్ల నొప్పి. పడవలూ తెప్పలూ ఇప్పుడెందుకు? ఆ గుడి చూడటానికి మళ్లీ జన్మలో వస్తామా?" అంటిని. అల్లుడు మెల్లగా, "అది సులభము అనే గుర్తు వేశారు, మామయ్యగారూ. కూర్చునే ప్రయాణమే" అనెను. ఆమె నన్ను నొప్పింపకుండ, "మీరు గుడికి వెళ్లండి. నేను పాపతో వెళ్లివస్తాను" అనెను.

ఆ రాత్రి ఓడ ఊగుచుండగా నాకు నిద్ర పట్టలేదు. సత్యము చెప్పవలెనన్న, నాకు కోపము వచ్చెను. దానికి ఆమె ఆరోగ్యమను పేరు పెట్టుకొంటిని. అబ్రాహాము తన అన్న కుమారుని ముందుగా కోరుకొనుమని చెప్పి, మిగిలిన దిక్కును తాను తీసికొనిన కథను నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో! ఎంత పెద్దమనస్సు అని సభను మెప్పించితిని. ఆ దినమున గుడారములో శారయి ఉన్నది గదా, ఆమెను ఎవరైన అడిగిరా అని నాకు ఒక్కసారియైనను తోచలేదు. రిబ్కా యింటివారు నయము. పయనమునకు ముందు పిల్లనే పిలిచి, వెళ్లుదువా అని అడిగిరి. మన ప్రభువు యెరికో త్రోవలో గ్రుడ్డివానిని నిలిపి నీకేమి కావలెనని అడిగిన సంగతి చూడుడు. గ్రుడ్డివానికి ఏమి కావలెనో ఆ గుంపులో ఎవరికి తెలియదు? అయినను ప్రభువు అడిగెను. అతడు తన నోట చెప్పువరకు ఆగెను. నేను నా భార్యకు కావలసినది నాకు తెలియునను ధైర్యముతో ముప్పది అయిదేండ్లు గడిపితిని. ఆమె తండ్రి పడవ సంగతి తెలిసియుండియు తెప్ప బొమ్మను ఆమెకంటె ముందుగా గుర్తింపలేకపోయితిని.

బుధవారము ఉదయము ఫాల్మత్ చేరితిమి. ఈ రేవును పెద్ద ఓడలకొరకు 2011లో తెరచిరి. ఊరు మాత్రము పాతది. చక్కెర ఎగుమతితో బాగుపడిన ఊరు; ఆ చక్కెరను పండించినది ఆఫ్రికానుండి గొలుసులతో తెచ్చిన మనుష్యులు. ఊరి నడుమనున్న కూడలికి నేటికిని నీటి చౌకు అనియే పేరు. 1799లోనే ఇక్కడ గొట్టములలో నీరు పారినదని ఊరివారు గర్వముతో చెప్పుకొందురు. కుమార్తె, అల్లుడు, మనుమడు ఒక బస్సు ఎక్కిరి. నా భార్యయు మనుమరాలును మరియొక బస్సు ఎక్కిరి. ఆమె కిటికీలోనుండి చేయి ఊపెను. పెండ్లియైనది మొదలు పరదేశములో మేము వేరు వేరు దారుల పోయిన దినము అదే మొదటిది. నేను మాత్రము గొడుగు పట్టుకొని నడచితిని.

రేవు గోడ దాటగానే డ్రైవర్లు చుట్టుకొనిరి. దేవాలయమని చెప్పగా ఒకాయన డబ్బు అడుగకయే వీధి మలుపు వరకు వచ్చి చూపించెను. వారపు దినము గనుక తలుపు మూసియుండెను. ఆవరణ ఊడ్చుచున్న వృద్ధురాలొకామె నన్ను చూచి, ఎవరవని అడిగి, ఇండియానుండి వచ్చిన పాస్టరునని వినగానే తాళము తెచ్చెను. రాతి కట్టడము. మొదటి ప్రార్థనాలయమును 1832లో పడగొట్టిరి. తరువాత కట్టినది 1944 తుపానులో దెబ్బతినగా మరల కట్టుకొనిరి. ఆవరణలో నిబ్ సమాధి స్తంభమున్నది. విడుదల పొందిన దాసులే అది నిలిపిరని దానిమీద చెక్కియున్నది. ఆయన 1845లో, నలుబది రెండవ యేట, జ్వరముతో చనిపోయెను.

1832లో ప్రార్థనాలయము ఎందుకు కూల్చబడెనో మన సంఘములవారు తెలిసికొనవలెను. సామ్ షార్ప్ అను దాసుడు మాంటిగో బే పట్టణములో బాప్టిస్టు సంఘపు డీకను. చదువు నేర్చినవాడు. ఇద్దరు యజమానులను సేవింపలేమను ప్రభువు మాటను అతడు నిజముగనే నమ్మెను. 1831 క్రిస్మస్ పండుగ దాటిన పిమ్మట కూలి యిచ్చిననే గాని పనికి పోరాదని తనవారిచేత ప్రమాణము చేయించెను. అతడు కోరినది పని మానుట. అది నిప్పంటుకొని తిరుగుబాటాయెను. చెరకు తోటలు కాలిపోయినవి. ప్రభుత్వము మూడు వందలకు పైగా మనుష్యులకు మరణదండన వేసెను. 1832 మే 23న షార్ప్‌ను సంతవీధిలో ఉరితీసిరి. తోటల దొరలు మిషనరీలే దీనికి మూలమని ప్రార్థనాలయములు కూల్చిరి, తగులబెట్టిరి. నిబ్‌ను పట్టుకొని, నేరము నిలువక విడిచిరి. అతడు ఇంగ్లండునకు పోయి ఊరూర సభలలో దాసుల పక్షమున మాటలాడెను, పార్లమెంటు కమిటీల యెదుట సాక్ష్యము చెప్పెను. 1833లో చట్టము వచ్చెను. దాసుల వెలగా యజమానులకు 2 కోట్ల పౌండ్లు చెల్లించిరి. దాసులకు ఒక్క కాసైన లేదు. 1834 ఆగస్టు 1న విడుదల అనిరి గాని, అప్రెంటిసులను పేరుతో వారమునకు నలుబది గంటలకు పైగా జీతము లేని చాకిరి నిలిపిరి.

అదియు ముగిసినది 1838లో. జూలై 31 రాత్రి నిబ్ సంఘమువారు కూడి, ఒక శవపేటికలో కొరడాను, సంకెళ్లను, మెడకు వేయు ఇనుప పట్టీని ఉంచిరి. గడియారము పండ్రెండు కొట్టుచుండగా అంతయు చచ్చినదని చాటి, పాటలతో దానిని పాతిపెట్టిరి. మన ఊరిలో మట్టిచేసి వచ్చినవారు ఏడ్చుచు వత్తురు. వీరు గంతులు వేయుచు వచ్చిరి. ఆ పాలరాతి ఫలకము ముందర నేను మోకరించి చాలసేపు ఉంటిని. ఆ వృద్ధురాలును నా ప్రక్కన మోకరించెను. ఆమె తన యింగ్లీషులో ప్రార్థించెను. నేను తెలుగులో ప్రార్థించితిని.

తరువాత ఆమె మెట్లమీద కూర్చుండి ఒక మాట చెప్పెను. విడుదలైన తరువాత జనులు మొట్టమొదట చేసిన పని ఏమిటో తెలియునా అని అడిగెను. దేవుని స్తుతించుట అంటిని. అది సరే, తరువాత? తమ యిల్లు ఎక్కడ ఉండవలెనో తామే చూచుకొనిరట. ఇది చరిత్రయే. 1835లోనే జేమ్స్ ఫిలిప్పో అను మిషనరీ కొండమీద భూమి కొని, తుండ్లుగా విభజించి, స్లైగోవిల్ అను మొదటి స్వతంత్ర గ్రామమునకు పునాది వేసెను. నిబ్‌ను, ఇతరులును అట్లే చేసిరి. తోటల దొరలు ఆ దినములలో ఎడతెగక చేసిన ఫిర్యాదు మరియొకటి యున్నది. స్త్రీలు చెరకు గుంపులలోనికి తిరిగి రాలేదట! కొందరు ఇంటిపని చూచుకొనిరి, కొందరు సొంత చేను సాగుచేసి సంతలో అమ్ముకొనిరి. ఎవరికి ఏది ఇష్టమో వారు అది చేసిరి. మా నాయనమ్మ నాయనమ్మ అల్లము అమ్మినది అని ఆ వృద్ధురాలు నవ్వెను. ఈ ఖాళీలను పూరింపవలెనని తోటలవారు 1845లో మన దేశమునుండి కూలీల ఓడ తెప్పించిరి. 1917లోపల సుమారు 36,000 మంది మనవారు ఆ ద్వీపమునకు వచ్చిరి. బీదవారు, చాలమందికి తాము ఎక్కడికి పోవుచున్నారో తెలియదు. వారినిగూర్చి మరియొకప్పుడు వ్రాసెదను. అదియే వేరు కన్నీటి కథ.

మధ్యాహ్నము దాటినది. నేను రేవు గుమ్మమునొద్ద నీడకు నిలువబడి బస్సులను లెక్కించుచుంటిని. మూడవ బస్సులోనుండి నా భార్య దిగెను. చీర అంచు మోకాలివరకు తడిసియుండెను. ఆమె ముఖము చూచి నేను పలుకలేకపోయితిని. పెండ్లినాటి ముఖమును మరల చూచినట్లాయెను.

మనుమరాలే అంతయు చెప్పెను. నది ఆకుపచ్చగా, రెండు ప్రక్కల చెట్లు వంగి, నెమ్మదిగా ఉన్నదట. అమ్మమ్మ చుట్టూ ఏమియు చూడక గడవైపే చూచుచుండెనట. తెప్పవాడు అది గమనించి, సగము దారిలో నీరు నిదానముగానున్నచోట, పట్టుకొందువా అన్నట్లు గడను చాచెనట. "అమ్మమ్మ లేచి నిలబడింది తాతయ్యా! చీర దోపుకుంది! పడలేదు!" పిల్ల ఫోనులో తీసిన బొమ్మను నాకు చూపెను. నిజమే. నా భార్య గడను నీటి అడుగునకు గ్రుచ్చి, ఒడలు వంచి, చేతి తర్వాత చేయి మార్చుచు త్రోయుచున్నది. తెప్ప చక్కగా పోవుచున్నది. ఎక్కడ నేర్చుకొంటివని తెప్పవాడు ఆశ్చర్యపడి అడుగగా, ఆమెకు తెలిసిన యింగ్లీషులో "ఫాదర్" అని చెప్పెనట. అప్పటికే మనుమరాలు మా తాతయ్య పాస్టరని అతనితో చెప్పియున్నది గనుక, గడ వేయుట నేర్పినది నేనే అని ఆ మనుష్యుడు అనుకొనియుండును. ఆ ఘనతకు నేను తగను.

"నాన్న జ్ఞాపకం వచ్చాడండి" అని మాత్రమే ఆమె నాతో అనెను. ఆయన పోయి ఇరువది రెండేండ్లు. ఆయన మట్టికి మేము ఒక పూట ఆలస్యముగా చేరితిమి. అప్పుడు మా సంఘములో కోతపండుగ, నేను బయలుదేరుటకు ఒప్పుకొనలేదు. ఈ సంగతి ఆమె ఎత్తలేదు. నేనును ఎత్తలేదు. గుమ్మమునొద్ద నిలువబడి ఇద్దరము సముద్రమువైపు చూచితిమి.

మిగిలిన రెండు రేవులను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. జార్జిటౌనులో పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనవు. దూరముగా లంగరు వేసి, చిన్న పడవలలో మనుష్యులను దించుదురు. అక్కడ నడుములోతు నీటి తిన్నెమీద టేకు చేపలు మనుష్యుల చుట్టు తిరుగును. పూర్వము జాలరులు చేపలు శుభ్రము చేసి పారవేసిన తునకలకు అలవాటుపడిన జాతి యట. ముందురాత్రి నేనే భార్యను, "రేపు నీకేం చేయాలని ఉంది?" అని అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "ఏమీ వద్దు. ఓడలోనే కూర్చుంటాను. కాళ్లు లాగుతున్నాయి. మీరు వెళ్లండి" అనెను. ఇట్టి జవాబు కూడ రావచ్చునని నాకు తోచలేదు! ఆమెతో ఉండిపోవుదునా, పోవుదునా అని తటపటాయించి, చివరకు ఆమె చెప్పినట్లే పోతిని. కోజుమెల్‌లో అల్లుడు బేరమునకు ఆశపడి పడవమీద అవతలి గట్టునకు, అక్కడనుండి స్థానిక బండిలో పాత మాయా జాతివారి కోట చూచుటకు తీసికొనిపోయెను. అలలకు నాకు వాంతులైనవి, తిరుగు త్రోవలో బండ్లు నిలిచిపోయినవి, చివరి అర్ధగంట మేమందరము రేవు వంతెనమీద పరుగెత్తితిమి. మా వెనుక ఇద్దరు యౌవనులు ఇంకను పరుగెత్తుచుండగానే మెట్టు తీసివేసిరి. మోకాళ్ల నొప్పులున్నవారిని ఓడవారి బస్సులోనే తీసికొనిపొండని మీలో అమెరికా పోవువారికి నా సలహా.

2025 అక్టోబరు 28న మెలిస్సా అను గొప్ప తుపాను జమైకాను కొట్టినదని వార్త వచ్చినప్పుడు మేము రాత్రి భోజనము చేయుచుంటిమి. 1977 దివిసీమ ఉప్పెన నాటికి నా భార్య ఏడేండ్ల పిల్ల. గాలి అనగానే నేటికిని ఆమె ముఖము పాలిపోవును. పళ్లెము ప్రక్కకు నెట్టి, "ఆ తెప్పవాడు ఎట్లా ఉన్నాడో" అనెను. అతని పేరు మాకు తెలియదు. ఆ రాత్రి పేరు లేకుండనే అతనికొరకును, తాళము తెచ్చిన ఆ వృద్ధురాలికొరకును ప్రార్థించితిమి. ప్రార్థన ఆమె చేసెను.

ఇప్పుడు మా సంఘముల సమితినుండి మరల ఉత్తరము వచ్చినది. పదవీవిరమణకు ముందు చివరి మార్పు ఇదియే కావచ్చును. రెండు ఊళ్లు వ్రాసి, ఏది సమ్మతమో తెలుపుమనిరి. ఒకటి పెద్ద సంఘము, రోడ్డు ప్రక్క, పక్కా యిల్లు. రెండవది ఏటిగట్టు పల్లె, నలుబది కుటుంబములు, ఇంటికి పైకప్పు మరమ్మతు చేయవలెను. నా మనస్సు ఏ వైపునకు పోయినదో నేను చెప్పను. ఆమెకును చెప్పలేదు. ఉత్తరమును తీసికొనిపోయి వంటింటి గట్టుమీద, ఉప్పు జాడీ ప్రక్కన పెట్టి, "చదివి చెప్పు, ఎక్కడికి పోదాము?" అంటిని. ఆమె చేతులు తుడుచుకొని చదివెను, మడిచి జాడీ క్రింద పెట్టెను.

నాలుగు దినములైనది. జవాబు వ్రాయుటకు ఇంకను పది దినముల గడువున్నది. నిన్న ఆమె నన్ను పిలిచి, ఆ ఏటిలో వేసవిలో నీరుంటుందా, కనుక్కుని చెప్పండి అనెను. రేపు ఉదయపు బస్సుకు పోయి చూచివచ్చెదను.